ధమనుల జబ్బుకు 200 దాటి జన్యుస్థానాలు దొరికాయి, మందులు ఎందుకు రాలేదు? కొత్త టార్గెట్ కోసం కలిసి పనిచేసేవాళ్లకు

ప్రశ్న క్లుప్తంగా ఇది: గుండె ధమనుల పూడికకు సంబంధించి 200కు పైగా లోకస్‌లు, అంటే జన్యుస్థానాలు, బయటపడ్డాయి. అయినా మందులు చాలావరకు ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్), బీపీ, రక్తం గడ్డకట్టడం చుట్టూనే ఎందుకు తిరుగుతున్నాయి? హైదరాబాద్ లాంటి చోట ఒక చిన్న ల్యాబ్ కొత్త టార్గెట్ కోసం బయల్దేరితే ఎవరితో కలవాలి, ఏ పని ముందు చేయాలి?

ముందు ఒకటి తేల్చుకుందాం. లోకస్ వేరు, టార్గెట్ (మందు పట్టుకోవాల్సిన జన్యువు లేదా దాని ప్రోటీన్) వేరు. జీవాస్ అని పిలిచే జీనోమ్‌వ్యాప్త అధ్యయనం చెప్పేదల్లా ఒక్కటే: క్రోమోజోమ్ మీద ఫలానా చోట ఫలానా అక్షరం ఉన్నవాళ్లలో జబ్బు కొంచెం ఎక్కువ. ఆ చోట మూడు జన్యువులుండొచ్చు, పదిహేను ఉండొచ్చు, ఒక్కటీ లేకపోవచ్చు. చాలాసార్లు ఆ అక్షరం ప్రోటీన్‌ను మార్చదు. ఏదో ఒక జన్యువు ఎంత పనిచేయాలో చెప్పే స్విచ్‌ను మారుస్తుంది, అదీ ఒకటి రెండు రకాల కణాల్లోనే. 2007లో వేర్వేరు బృందాలు ఇంచుమించు ఒకేసారి పట్టుకున్న 9పీ21 ప్రాంతాన్నే చూడండి. కొలెస్ట్రాల్‌తో, బీపీతో నిమిత్తం లేకుండా ముప్పు పెంచే ప్రాంతమది. పక్కనే ఉన్నవి సీడీకేఎన్2ఏ, సీడీకేఎన్2బీ, అంటే కణ విభజనకు కళ్లెం వేసే జన్యువులు. వాటిని కదిపితే క్యాన్సర్ భయం. ఇన్నేళ్లయినా ఆ లోకస్ మీద మందు లేదు.

టార్గెట్ అనిపించుకోవాలంటే నాలుగింటికి జవాబుండాలి. ఏ జన్యువు? ఏ కణంలో? దాన్ని పెంచాలా, తగ్గించాలా? అలా చేస్తే శరీరంలో ఇంకెక్కడ దెబ్బ తగులుతుంది? అందరూ మొదటిదాని వెంట పరుగెడతారు. నా దృష్టిలో మూడోదే అసలు ప్రశ్న. జన్యువు సరిగ్గానే పట్టుకుని దిశ తప్పు చదివితే, జబ్బు పెంచే మందు చేసినట్టవుతుంది.

మందులు కొలెస్ట్రాల్ దగ్గరే ఆగడానికి జన్యుశాస్త్రంతో పాటు రవాణా కూడా కారణం. కాలేయానికి మందు చేర్చడం ఇప్పుడు తేలిక. ఎన్-ఎసిటైల్ గలాక్టోసమీన్ అనే చక్కెరను తగిలిస్తే ఎస్ఐఆర్ఎన్ఏ (జన్యువు సందేశాన్ని అణిచే చిన్న ఆర్ఎన్ఏ) సూటిగా కాలేయ కణాల్లోకి పోతుంది, ఆ చక్కెరను పట్టే రిసెప్టర్ వాటి మీద దండిగా ఉంటుంది కాబట్టి. ఎల్‌డీఎల్ తగ్గించే అలాంటి మందే ఇంక్లిసిరాన్. దాని 284 మి.గ్రా. సూది మొదట ఒకటి, మూడో నెలలో ఒకటి, ఆపైన ఆరు నెలలకోసారి చాలు. ధమని గోడలోని నునుపు కండర కణానికి అలాంటి చిరునామా ఇంకా లేదు. అందుకే గోడలో పనిచేసే జన్యువు దొరికితే మొదట చూడాల్సింది, దాని ప్రోటీన్ కణం బయట ఉంటుందా, పైపొర మీద ఉంటుందా, లోపల ఉంటుందా అని. బయట ఉంటే యాంటీబాడీ, లోపలి ఎంజైమ్ అయితే చిన్న అణువు మాత్ర. లోపల ఉండి ఎంజైమ్ కూడా కాకపోతే, అదే దారిలో పైనో కిందో మందుకు లొంగే ఇంకో ప్రోటీన్ వెతకాలి.

సరిగ్గా కుదిరిన కథ పీసీఎస్‌కే9 జన్యువుది. తెలిసిందే అయినా పని ఎలా పంచుకున్నారో గమనించండి. వంశపారంపర్యంగా ఎల్‌డీఎల్ విపరీతంగా ఉన్న కుటుంబాలు ప్యారిస్ బృందం దగ్గరున్నాయి. ఆ ప్రోటీన్ అప్పుడే మాంట్రియల్ ల్యాబ్‌లో దొరికింది. రెండూ కలిశాక 2003లో, ఆ జన్యువులోని మార్పులు కొలెస్ట్రాల్ పెంచుతాయని తేలింది; జన్యువు అతిగా పనిచేయడం వల్లేనని ఆ తర్వాత తెలిసింది. తర్వాత డల్లస్ బృందం ఎదురు ప్రశ్న వేసింది: అది పనిచేయనివాళ్లకు ఏమవుతుంది? 2006లో, 15 ఏళ్లు వెంట ఉండి చూసిన ఏరిక్ అధ్యయనం సమాచారంలో జవాబు దొరికింది. అందులోని నల్లజాతి అమెరికన్లలో 2.6 శాతం మందికి జన్యువును మూగబోయేలా చేసే మార్పులున్నాయి. వాళ్ల ఎల్‌డీఎల్ 28 శాతం తక్కువ, గుండె ధమనుల జబ్బు 88 శాతం తక్కువ. పెరిగితే చెడు, తగ్గితే మంచి, తగ్గినా మనిషి ఆరోగ్యంగానే ఉన్నాడు. దిశా, భద్రతా రెండూ మనుషుల్లోనే రుజువయ్యాయి. 2015లో ఆ ప్రోటీన్‌ను అడ్డుకునే యాంటీబాడీ మందులు అలిరోక్యుమాబ్, ఎవోలోక్యుమాబ్ అనుమతి పొందాయి.

ఇక్కడొక జాగ్రత్త. 2017లో వచ్చిన ఎవోలోక్యుమాబ్ ట్రయల్ ఫూరియర్‌లో 27,564 మందిలో ఎల్‌డీఎల్ మధ్యస్థ విలువ 92 నుంచి 30 మి.గ్రా.కు దిగినా ముప్పు తగ్గింది 15 శాతమే. ఆ ట్రయల్ మధ్యస్థంగా 2.2 ఏళ్లే నడిచింది. జన్యువు పుట్టుక నుంచీ పనిచేస్తుంది, మందు 60 ఏళ్లకు మొదలవుతుంది. జన్యు అధ్యయనంలో కనిపించిన శాతాన్ని ట్రయల్ అంచనాలో యథాతథంగా పెట్టి రోగుల సంఖ్య లెక్క కడితే ట్రయల్ చిన్నదైపోతుంది.

కుదరని కథల్లోంచి నేర్చుకోవాల్సింది ఇంకా ఎక్కువ. హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) పెంచే టార్సిట్రాపిబ్ ట్రయల్‌ను 2006 డిసెంబరులో ఆపేశారు. హెచ్‌డీఎల్ 72 శాతం పెరిగింది, ఎల్‌డీఎల్ 25 శాతం తగ్గింది, మరణాలు మాత్రం 58 శాతం పెరిగాయి. ఆ మందుకు బీపీ పెంచే సొంత దుర్గుణం ఉన్న మాట నిజమే. కానీ 2012లో ఎల్ఐపీజీ జన్యువులో హెచ్‌డీఎల్‌ను మాత్రమే పెంచే మార్పు ఉన్నవాళ్లను చూస్తే, గుండెపోటు రవ్వంత కూడా తగ్గలేదు. రక్తంలో జబ్బుతో పాటు కదిలే ప్రతి కొలతా జబ్బుకు కారణం కాదన్నమాట. ఎల్‌పీ-పీఎల్ఏ2 అనే ఎంజైమ్‌ను అడ్డుకునే డారాప్లాడిబ్ కూడా అంతే. 2014లో రెండు పెద్ద ట్రయల్స్ విఫలమయ్యాక, అదే ఎంజైమ్ పుట్టుకతో పనిచేయని చైనావాళ్లను కడూరీ బయోబ్యాంక్‌లో చూశారు. వాళ్లకు జబ్బు తక్కువేమీ లేదు. ఈ లెక్క ట్రయల్‌కు ముందే చేసి ఉంటే ఎంత ఖర్చు, ఎందరు రోగుల ఏళ్లు మిగిలేవో. జన్యు ఆధారం ఉన్న టార్గెట్లు మందు దాకా చేరే అవకాశం లేనివాటికంటే 2.6 రెట్లు ఎక్కువని 2024లో వచ్చిన విశ్లేషణ లెక్కగట్టింది.

దిశ ఎలా మోసం చేస్తుందో దగ్గరగా చూద్దాం. ఐఎల్6 అనే వాపు సందేశాన్ని అందుకునే రిసెప్టర్ జన్యువు ఐఎల్6ఆర్‌లో, 358వ స్థానంలో ఆస్పార్టిక్ ఆమ్లం బదులు అలనైన్ వచ్చే మార్పు ఉంది. అది ఉన్నవాళ్ల రక్తంలో ఐఎల్6 ఎక్కువ, కరిగి తిరిగే ఐఎల్6 రిసెప్టర్ కూడా ఎక్కువ, గుండె ధమనుల జబ్బు మాత్రం తక్కువ. పట్టిక ఒక్కటే చూస్తే ఐఎల్6 పెరిగితే మంచిదనిపిస్తుంది. జరుగుతున్నది తలకిందులు. ఆ మార్పు వల్ల రిసెప్టర్ కణం మీద నుంచి తెగి రక్తంలోకి రాలిపోతుంది. కణానికి సందేశం అందదు, వాడకం లేక ఐఎల్6 రక్తంలో పోగవుతుంది. సందేశం నిజంగా తగ్గిందని చెప్పే గుర్తు వేరే ఉంది: ఆ సందేశంతో పెరిగే సీఆర్‌పీ, ఫైబ్రినోజెన్ రెండూ దిగాయి. అందుకే ప్రోటీన్ స్థాయిని చూసి దిశ రాయకండి. ఆ ప్రోటీన్ చేసే పని తాలూకు కింది గుర్తు కనీసం ఒకటి కొలిచి రాయండి. లైపా అనే లైసోసోమ్ ఎంజైమ్ జన్యువుదీ ఇలాంటి చిక్కే. ముప్పు పెంచే అక్షరం మోనోసైట్లలో లైపాను పెంచుతుంది, కానీ పుట్టుకతో లైపా లేని పిల్లలకు కొవ్వు పేరుకుపోయే తీవ్రమైన జబ్బు వస్తుంది. ఇలాంటి లోకస్‌ను చిన్న ల్యాబ్ మొదటి ప్రాజెక్టుగా ఎత్తుకోవద్దు.

ఇక పని క్రమం. మొదటి దశ కంప్యూటర్ మీదే. రోగుల సంఖ్యలో మనం పోటీ పడలేం, పడక్కర్లేదు కూడా. కార్డియోగ్రామ్ కూటమి 2011లో 22,233 మంది రోగులతో మొదలై, 2013కు 63,746కు చేరి, 2022 నాటికి 1,81,522 మంది రోగులతో సహా 11.65 లక్షల మందిని కలిపి 241 జన్యు సంబంధాలు చూపింది. ఎనిమిది రకాల ఆధారాలు పోల్చి 220 జన్యువులను కారణం కావచ్చని జాబితా కట్టింది. ఇలాంటి అధ్యయనాల సారాంశ గణాంకాలు పరిశోధకులకు ఉచితంగా దొరుకుతాయి.

దించుకున్నాక ముందు చూసేది జీనోమ్ వెర్షన్, 37వదా 38వదా అని. తర్వాత అక్షరాల వరస. ఏ-టీ, సీ-జీ జంటలున్న వేరియంట్లలో (మనిషిని బట్టి అక్షరం మారే చోట్లలో) డీఎన్ఏ రెండు పోగుల్లో ఎటువైపుదాన్ని చదివారో అక్షరాన్ని బట్టి తెలియదు. అక్షరం వాటా 40 నుంచి 60 శాతం మధ్య ఉంటే పౌనఃపున్యం చూసి సరిదిద్దడమూ కుదరదు, అలాంటివాటిని తీసేయడమే మేలు. ఒక్క గుర్తు తిరగబడితే రక్షణ ఇచ్చే జన్యువు ముప్పు జన్యువైపోతుంది. దాన్ని ఆరు నెలల తర్వాత కణాల్లో కనిపెట్టడం చాలా బాధాకరం. పరీక్ష తేలిక: పీసీఎస్‌కే9, ఎల్‌పీఏ (లైపోప్రోటీన్-ఎ జన్యువు; లైపా కాదు), 9పీ21ల దిశ ముందే తెలుసు. మీ పైప్‌లైన్‌లో ఆ మూడూ సరైన దిశలో రావాలి. రాకపోతే ముందుకు కదలొద్దు.

తర్వాత ఫైన్ మ్యాపింగ్. లోకస్‌లోని వందల వేరియంట్లలో 95 శాతం నమ్మకంతో అసలుది ఉండే చిన్న గుంపును తీస్తారు. ఇక్కడ తరచూ జరిగే తప్పు, ఒక జనాభా గణాంకాలకు వేరే జనాభా ఎల్‌డీ పటం (ఏ వేరియంట్లు కలిసి వారసత్వంగా వస్తాయో చూపే పటం) వాడటం. యూరప్ గణాంకాలకు దక్షిణాసియా పటం పెడితే సాఫ్ట్‌వేర్ తప్పని చెప్పదు. లేని వేరియంట్లను ధీమాగా చూపిస్తుంది. ఒకే లోకస్‌లో అయిదు, ఆరు స్వతంత్ర సంకేతాలు వచ్చాయంటే ముందు పటాన్నే అనుమానించండి.

ఆ సంకేతం, ధమని కణజాలంలో జన్యువు పని స్థాయిని మార్చే సంకేతం రెండూ ఒకటేనా అన్నది కోలోకలైజేషన్ తేలుస్తుంది. రెండూ ఒకటే అనే అవకాశాన్ని చెప్పే హెచ్4 సంభావ్యత 0.8 దాటితే సాధారణంగా ఒప్పుకుంటారు. వేర్వేరు కణజాలాల్లో జన్యువుల పని స్థాయిని కొలిచిన జీటెక్స్ ప్రాజెక్టు ఎనిమిదో విడతలో బృహద్ధమని నమూనాలు 387, గుండె ధమనివి 213, కాలి టిబియల్ ధమనివి 584. గుండె ధమనిలో ఏమీ తేలకపోతే జన్యువుకు సంబంధం లేదనుకోకండి, నమూనాలు చాలకపోయి ఉండొచ్చు. పైగా అవి చాలావరకు పూడిక రోగుల నుంచి తీసినవి కావు. గుండె రోగుల నుంచే ఏడు రకాల కణజాలం తీసిన స్టార్‌నెట్, కరోటిడ్ (మెడ ధమని) ప్లాక్‌లు, అంటే పూడిక ముద్దలు, భద్రపరిచిన ఉట్రెక్ట్‌లోని అథెరో-ఎక్స్‌ప్రెస్ బ్యాంకు ఇక్కడే పనికొస్తాయి. కలిసి పనిచేయడంలో అసలు విలువ ఇదే. గణాంకాలు ఎవరైనా దించుకోవచ్చు, రోగి ధమని ముక్కను దించుకోలేం.

రక్తంలో తిరిగే ప్రోటీన్ అయితే మెండీలియన్ రాండమైజేషన్ చేయొచ్చు, అంటే ప్రోటీన్ స్థాయిని మార్చే వేరియంట్ల ద్వారా ఆ ప్రోటీన్ జబ్బుకు కారణమా అని చూడొచ్చు. యూకే బయోబ్యాంక్ ప్రోటీన్ ప్రాజెక్టు 54,219 మందిలో 2,923 ప్రోటీన్లు కొలిచింది. జన్యువుకు పక్కనే ఉన్న వేరియంట్లనే సాధనంగా వాడండి, దూరపువి వేరే దారుల్లో జబ్బును తాకుతాయి. ఒక ఉచ్చు: వేరియంట్ ప్రోటీన్ ఆకారాన్నే మారిస్తే కొలిచే యాంటీబాడీ సరిగా అతుక్కోదు, అప్పుడు స్థాయి తగ్గినట్టు కనిపిస్తుంది. అది కొలతలో లోపం తప్ప ప్రోటీన్ తగ్గడం కాదు. రెండు వేర్వేరు పద్ధతుల్లో, ఓలింక్‌లోనూ సోమాస్కాన్‌లోనూ, ఒకే దిశ వచ్చిందేమో చూడాలి.

కణాల దశకు వచ్చేసరికి కణం ఎంపికే సగం పని. 2024లో వచ్చిన ఒక పని మంచి నమూనా. 306 గుండె ధమనుల సంకేతాల చుట్టూ ఉన్న జన్యువులను ఎండోథీలియం కణాల్లో, అంటే ధమని లోపలి పొర కణాల్లో, ఒక్కొక్కటిగా క్రిస్పర్‌ఐతో (గైడ్ ఆర్ఎన్ఏ సాయంతో జన్యువును కోయకుండా అణిచే పద్ధతితో) తగ్గించి, ప్రతి కణంలో ఏం మారిందో విడివిడిగా చదివారు. చాలా సంకేతాలు సీసీఎమ్ అనే (మెదడు రక్తనాళాల వైకల్యంతో ముడిపడ్డ) ఒకే దారిలో కలుస్తున్నాయని తేలింది. అందులో టీఎల్ఎన్ఆర్‌డీ1 అనే, అప్పటిదాకా ఎవరూ పెద్దగా పట్టించుకోని జన్యువు ముందుకొచ్చింది. ఒక్కో లోకస్‌ను విడిగా తవ్వే బదులు ఎక్కడ కలుస్తున్నాయో చూడటం నాకు చాలా నచ్చిన పద్ధతి.

అంత పెద్దది మనం చేయలేకపోయినా పది జన్యువులతో చిన్నది చేయొచ్చు. గుండె ధమని నునుపు కండర కణాలు ఆరో పాసేజ్ (కొత్త ప్లేటుకు మార్చే విడత) దాటనివ్వొద్దు. దాటితే సంకోచించే గుణం పోయి అన్నీ ఒకేలా అయిపోతాయి, జన్యువు తగ్గించినా తేడా కనిపించదు. పూల్డ్ లైబ్రరీలో (గైడ్లన్నీ కలిపిన మిశ్రమంలో) వైరస్‌ను కణానికి ఒకటి మించకుండా, ఎమ్ఓఐ (కణానికి సగటు వైరస్‌ల సంఖ్య) 0.3 దగ్గర వేయాలి. ఎక్కువైతే ఒకే కణంలో రెండు గైడ్లు చేరి లెక్క కలుషితమవుతుంది. జన్యువు తగ్గిందని క్యూపీసీఆర్‌లో కనీసం 70 శాతం తగ్గుదల చూశాకే అస్సేకు, అంటే కణాల మీద పరీక్షకు, వెళ్లండి. ఫోమ్ కణాల (కొవ్వు మింగి ఉబ్బిన కణాల) అస్సేలో ఆక్సీకరణ చెందిన ఎల్‌డీఎల్ వాడతారు కదా, ప్రతి కొత్త బ్యాచ్‌కూ ఎండోటాక్సిన్ పరీక్ష చేయాలి. అది కలిసిందంటే మీరు చూసేది కొవ్వు ప్రభావం కాదు, బ్యాక్టీరియా విషానికి కణం స్పందన. ఎండోథీలియం కణాలను కదలని ప్లేటులో పెంచి ధమని గురించి తీర్పు చెప్పడం కూడా ప్రమాదమే. ప్రవాహంలో పెట్టాలి, ఒకే దిశలో నిలకడగా సాగే ప్రవాహానికి చదరపు సెంటీమీటరుకు 12 డైన్ల దగ్గర, పక్కనే అటూ ఇటూ ఊగే ప్రవాహం. శాఖలు చీలే చోటనే పూడిక ఎందుకు మొదలవుతుందో ఆ రెండింటి తేడాలోనే ఉంది.

పిండి కొద్దీ రొట్టె అన్నట్టు, వీటన్నిటికీ పైన ప్లాక్ నమూనా నాణ్యత ఉంటుంది. అది ఆపరేషన్ థియేటర్‌లో మొదటి నిమిషాల్లోనే తేలిపోతుంది. కరోటిడ్ ఎండార్టెరెక్టమీలో (మెడ ధమని పూడిక తీసే ఆపరేషన్‌లో) ప్లాక్ దాదాపు ఒకే ముక్కగా వస్తుంది. బయటికి తీసీ తీయగానే మంచుమీద పెట్టిన టిష్యూ స్టోరేజ్ ద్రావణంలోకి పోవాలి. గది వేడిలో సెలైన్ గిన్నెలో అరగంట ఉంటే ఆర్ఎన్ఏ అప్పటికే చెదిరిపోతుంది. రక్తం వచ్చే వైపు ఏదో తెలిసేలా సర్జన్ ఆ కొసకు ఒక కుట్టు వేయాలి. అడిగితే పది సెకన్ల పని, అడగకపోతే తర్వాత ఎవరూ చెప్పలేరు. ల్యాబ్‌లో 5 మిల్లీమీటర్ల ముక్కలుగా అడ్డంగా కోయాలి. పూడిక గరిష్ఠంగా ఉన్న ముక్క ఫార్మలిన్‌లోకి, ఒక పక్కది ద్రవ నత్రజనిలోకి, ఇంకో పక్కది కణాలు విడదీయడానికి. కాల్షియం తీయడానికి ఆమ్లం కాకుండా ఈడీటీఏ వాడండి. నెమ్మదిగా పోతుంది గానీ ఆర్ఎన్ఏ, యాంటీజెన్లు బతుకుతాయి.

విడదీసేటప్పుడు ఒక మిల్లీమీటరు ముక్కలుగా తరిగి, కొల్లాజినేజ్, ఎలాస్టేజ్ మిశ్రమంలో 37 డిగ్రీల దగ్గర 45 నుంచి 60 నిమిషాలు ఉంచి, 70 మైక్రాన్ల జల్లెడ, ఆపైన 40 మైక్రాన్ల జల్లెడ. కాల్షియం రజను జల్లెడను మూసేస్తుంది, బలంగా నొక్కితే కణాలు చితుకుతాయి. జల్లెడ మార్చుకోవడమే దారి. ట్రిపాన్ బ్లూ లెక్క కొవ్వు చెత్తలో తప్పుతుంది, ఫ్లోరసెంట్ రంగులతో బతికిన కణాలు లెక్కపెట్టి 80 శాతం దాటితేనే ముందుకు పంపండి. ఇంత చేసినా ఫలితంలో టీ కణాలు ఎక్కువ, నునుపు కండర కణాలు, పెద్ద ఫోమ్ కణాలు తక్కువ కనిపిస్తాయి, గట్టి గోడలోంచి తేలిగ్గా ఊడివచ్చేవే ముందు వస్తాయి కాబట్టి. ఎఫ్ఓఎస్, జున్ లాంటి జన్యువులు అన్ని కణాల్లోనూ ఎగిసిపడుతుంటే అది జబ్బు కాదు, ఎంజైమ్ వేడిలో కణం పడ్డ బాధ. గడ్డకట్టించిన ముక్క నుంచి కేంద్రకాలు మాత్రమే తీస్తే ఈ రెండు సమస్యలూ తగ్గుతాయి. మొదటి అయిదు నమూనాలకు రెండు పద్ధతులూ చేసి, పక్క ముక్క స్లైడుతో పోల్చి చూసుకోండి. స్లైడు మీద సీడీ68 వెలిగిన ప్రతి కణాన్నీ మాక్రోఫేజ్ అనుకోవద్దు. నునుపు కండర కణాలు ప్లాక్‌లో తమ గుర్తులు వదిలి ఆ గుర్తు తొడుక్కుంటాయని ఎలుకల్లో వంశం జాడ తీసిన ప్రయోగాలు చూపాయి.

ఎలుక విషయం త్వరగా చెప్పేస్తాను. ఎల్‌డీఎల్ రిసెప్టర్ లేని ఎలుకలకు గానీ, ఏఏవీ8 వైరస్‌తో పీసీఎస్‌కే9 ఎక్కించిన ఎలుకలకు గానీ కొవ్వు మేత 12 నుంచి 16 వారాలు పెడతారు. ఆడ, మగ రెండూ ఉండాలి, విడిగా లెక్కించాలి. రక్తంలో కొలెస్ట్రాల్ తేడా వస్తే ప్లాక్ తేడా గోడది కాదు, కొలెస్ట్రాల్‌ది. ఎలుకకు సీఈటీపీ (హెచ్‌డీఎల్ నుంచి కొవ్వును ఎల్‌డీఎల్ లాంటివాటికి చేర్చే ప్రోటీన్) లేదు, దాని ప్లాక్ సాధారణంగా పగలదు. కాబట్టి ఎలుక ఫలితం అడ్డుపడటానికి పనికొస్తుంది, ఒక్కటే ఆధారంగా నిలబడటానికి చాలదు.

నాలుగో ప్రశ్న, భద్రత. పీహెచ్ఏసీటీఆర్1 జన్యువులో ఉన్న ఆర్ఎస్9349379 వేరియంట్‌ను గుర్తుపెట్టుకోండి. అందులో జీ అక్షరం గుండె ధమనుల పూడికను పెంచుతుంది. అదే అక్షరం మైగ్రేన్‌ను, మెడ ధమని చీలికను, ఫైబ్రోమస్క్యులర్ డిస్‌ప్లేసియా అనే ధమని గోడ జబ్బును తగ్గిస్తుంది. ఈ అక్షరం ప్రభావాన్ని తిప్పికొట్టే మందు ఒకరి గుండెను కాపాడుతూ ఇంకొకరి మెడ ధమనిని ప్రమాదంలో పెట్టొచ్చు. అది పీహెచ్ఏసీటీఆర్1 ద్వారా జరుగుతుందా, దూరంగా ఉన్న ఎండోథీలిన్ (రక్తనాళాన్ని బిగించే పదార్థం) జన్యువు ద్వారానా అన్న వాదం కూడా ఉంది. కాబట్టి వేరియంట్ దొరికిన వారంలోనే పెద్ద బయోబ్యాంకుల్లో అన్ని జబ్బులతోనూ దాని సంబంధం చూడండి. ఖర్చు లేదు, ఒక మధ్యాహ్నం పని.

ఇప్పుడు ఎవరితో కలవాలన్నది. కావాల్సినవాళ్లు నలుగురు: రోగుల సమాచారమూ కణజాలమూ ఉన్న ఆసుపత్రి, గణాంకవేత్త, కణాల ల్యాబ్, ప్రోటీన్‌కు అణువు అమర్చగల రసాయన శాస్త్రవేత్త. నాలుగోవాళ్లను చివర్లో పిలవడం మామూలు పొరపాటు. మొదట్నుంచీ ఉంటే లొంగని ప్రోటీన్ మీద రెండేళ్లు పోవు.

ఆదిలోనే హంసపాదు పడే చోట్లు మూడు. ఒకటి, జబ్బు నిర్వచనం. ఒక ఆసుపత్రి గుండెపోటు, స్టెంట్, బైపాస్‌లనే లెక్కిస్తే, ఇంకొకటి ఛాతీ నొప్పితో వచ్చిన ప్రతివాళ్లనూ కలుపుతుంది. రెండోది సంకేతాన్ని పలచన చేస్తుంది. కాళ్ల ధమనుల జబ్బును కూడా ఇదే బుట్టలో వేయకండి. అందులో ఫ్యాక్టర్ 5 లైడెన్ లాంటి గడ్డకట్టే జన్యువుల పాత్ర గుండెలో కంటే ఎక్కువ. రెండు, రోగులందరూ ఒక ఆసుపత్రి నుంచి, ఆరోగ్యవంతులందరూ ఇంకో చోటి నుంచి రావడం. అప్పుడు మీరు కొలిచేది జబ్బు తేడాయా, రక్తం ఎన్ని గంటలు బల్ల మీద నిలవుందన్న తేడాయా చెప్పలేరు. ప్రతి ప్లేటులోనూ రెండు రకాలూ, రెండు చోట్లవీ కలిపి పేర్చాలి.

మూడు, అనుమతి పత్రం. విదేశీ భాగస్వామి ఉంటే సంస్థ ఎథిక్స్ కమిటీతో పాటు ఐసీఎమ్ఆర్ దగ్గరున్న ఆరోగ్య శాఖ పరిశీలన కమిటీ అనుమతి కావాలి. ఆ పత్రాలు, నమూనాల బదిలీ ఒప్పందం మొదటి రోగిని చేర్చుకోకముందే సిద్ధం కావాలి. రోగి సంతకం చేసే తెలుగు పత్రం మీద శ్రద్ధ పెట్టండి. ‘జన్యుపరమైన విశ్లేషణ నిమిత్తం నమూనా వినియోగించబడును’ అని రాస్తే చదివినవాళ్లకు ఏమీ అర్థం కాదు, టెస్టు రిపోర్టు ఇస్తారనుకుంటారు. ఇలా రాయొచ్చు: ‘మీ రక్తంలోని జన్యు సమాచారాన్ని చదువుతాం. దీనికి రిపోర్టు ఇవ్వం. మీ పేరు తీసేసి ఈ సమాచారాన్ని వేరే దేశాల పరిశోధకులకు ఇవ్వడానికి ఒప్పుకుంటారా? మందుల కంపెనీలకు ఇవ్వడానికి ఒప్పుకుంటారా? కొన్నేళ్ల తర్వాత మిమ్మల్ని మళ్లీ పిలవొచ్చా? వద్దన్నా మీ వైద్యంలో తేడా ఉండదు.’ మూడింటికీ వేర్వేరు గడులు. కంపెనీ గడి లేక, మంచి టార్గెట్ దొరికాక వేల నమూనాలు వాడలేకపోవడం చిన్న నష్టం కాదు.

మళ్లీ పిలిచే గడి ఎందుకంత ముఖ్యమో పాకిస్థాన్‌లోని ప్రామిస్ అధ్యయనం చూపింది. దగ్గరి బంధువుల మధ్య పెళ్లిళ్లు ఎక్కువున్న చోట 10,503 మంది జన్యువులు చదివి, 2017లో 1,317 జన్యువుల్లో రెండు ప్రతులూ పనిచేయని మనుషులను కనిపెట్టారు. రక్తంలో ట్రైగ్లిజరైడ్లు తొలగకుండా అడ్డుపడే ఏపీఓసీ3 పూర్తిగా లేని భార్యాభర్తలు, వాళ్ల తొమ్మిదిమంది పిల్లలూ దొరికారు. మళ్లీ పిలిచి కొవ్వు పానీయం తాగించి చూస్తే, వాళ్ల రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అందరికీ పెరిగినట్టు పెరగలేదు. ఆ ప్రోటీన్ లేకుండా మనిషి ఎలా ఉంటాడన్నది ఏ ఎలుకా చెప్పలేదు.

మేనరికాలు దేశ సగటుకంటే ఎక్కువున్న ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఇలాంటి పని జరగాలి, జరగగలదు. దక్షిణాసియాలో చాలా సమూహాలు కొద్దిమంది పూర్వీకుల నుంచి విస్తరించాయని హైదరాబాద్ సీసీఎమ్‌బీ పాలుపంచుకున్న 2017 అధ్యయనం చూపింది. అందులోని ఒక ఉదాహరణ మనకు బాగా దగ్గర: వైశ్యుల్లో బ్యూటిరైల్ కోలిన్ ఎస్టరేజ్ లోపం వల్ల ఆపరేషన్ మత్తులో కండరాలు సడలడానికి ఇచ్చే సక్సినైల్‌కోలిన్ ప్రభావం చాలాసేపు వదలదు. రంగారెడ్డి జిల్లా చుట్టుపక్కల 29 ఊళ్లలో నడుస్తున్న ఏపీక్యాప్స్ అధ్యయనంలో కరోటిడ్ గోడ మందం, ధమని బిరుసుతనం కొలిచి ఉన్నాయి. జబ్బు రాకముందు ధమని ఎలా మారుతుందో చూడటానికి అలాంటి సమూహాలు విలువైనవి. అయితే ఏ కులానికీ ఏ ఊరికీ జబ్బు ముద్ర పడకుండా ఫలితం రాయడం మన బాధ్యత. సమూహం పేరు ప్రచురించాలా అన్నది ఆ సమూహంవాళ్లతో మాట్లాడాకే తేల్చాలి.

మీ ల్యాబ్‌కు నా సలహా: మొదటి మూడు నెలలూ కణాలు పెంచొద్దు. ప్రచురిత జాబితాలోంచి, దిశ విషయంలో గందరగోళం లేనివి, నునుపు కండర కణంలోనో ఎండోథీలియంలోనో పనిచేసేవి పది జన్యువులు తీయండి. ఒక్కోదానికి నాలుగు ప్రశ్నల జవాబులు ఒక పేజీలో రాయండి, ఏ ఫలితం వస్తే ఆ జన్యువును వదిలేస్తారో కూడా ముందే రాసి తేదీ వేయండి. ఉదాహరణకు: ‘రెండు వేర్వేరు దాతల కణాల్లో, రెండు వేర్వేరు గైడ్లతో, 70 శాతం తగ్గించినా వలస అస్సేలో (కణాలు ఎంత కదులుతాయో చూసే పరీక్షలో) 20 శాతం తేడా రాకపోతే ఆపేస్తాం.’ ఆ పేజీలు తీసుకుని వాస్క్యులర్ సర్జన్ దగ్గరికి వెళ్లండి. నెలకు ఎన్ని ఎండార్టెరెక్టమీలు చేస్తారో, థియేటర్‌లో మంచుపెట్టె ఎవరు పట్టుకుంటారో అడగండి. ఆ రెండో ప్రశ్నకు ఒక మనిషి పేరు జవాబుగా వస్తేనే నమూనాల సేకరణ మొదలుపెట్టండి.